చలికి రుజువు

కోల్వే రేవులో పడవలు ఆగే చోట ఉన్న నోటీసు బోర్డు మీద జూన్ మొదటి సోమవారం నాడు ఒక ప్రకటన వెలిసింది. ఈ ఏడాది చలికాలాన్ని ప్రభుత్వం గుర్తించిందనీ, ఆ విషయమై తగు చర్యలు తీసుకోదలచిందనీ దాని సారాంశం. భూగోళపు దక్షిణపు కొసన ఉన్న చిలోయే దీవిలో చలికాలం ఏటా జూన్‌లోనే వస్తుంది. వచ్చి సెప్టెంబరు దాకా కదలదు. కానీ దానికి అధికారికమైన గుర్తింపు దొరకడం ఇదే మొదలు. అందుకని ఊరంతా చేరి, వానలో తడుస్తూ, ఆ కాగితాన్ని ఒకటికి రెండుసార్లు చదివింది.

“గృహోష్ణ సంరక్షణ పథకము క్రింద, చల్లగా ఉన్నట్లు రుజువైన ఇండ్ల గోడలకును కప్పునకును లోపలివైపున ఉన్ని పలకలు ఉచితముగా బిగింపబడును. తనిఖీ సమయమున పన్నెండు డిగ్రీలకు తక్కువ వేడిమి గల ఇల్లు మాత్రమే చల్లని ఇల్లుగా పరిగణింపబడును. తక్కిన ఇండ్లన్నియు వెచ్చని ఇండ్లుగా భావింపబడును. అట్టి ఇండ్లలో నివసించువారు వణికినచో అది వారి స్వవిషయము.”

ఎదెల్మీరా అది చదివి, శిలువ గుర్తు వేసుకుని, గబగబా ఇంటికి నడిచింది. అరవై మూడేళ్ళ జీవితంలో ఆమె ఏ పోటీలోనూ గెలవలేదు. ఈసారి మాత్రం గెలుపు ఖాయమనిపించింది. చలి విషయంలో ఆమె ఇంటితో పోటీకి నిలిచే ఇల్లు ఆ దీవిలోనే లేదు.

అది ఆమె భర్త బెలార్మీనో తాతగారు నిలబెట్టిన కొయ్య ఇల్లు. గోడలకు బయటివైపు కొట్టిన చెక్క పెంకులు నూరేళ్ళ వానకు వంగి, ఒకదాన్నొకటి పలకరించుకోవడం ఎప్పుడో మానేశాయి. సముద్రపు గాలి పడమటి గోడలోంచి లోపలికొచ్చి, వంటింట్లో ఒక చుట్టు తిరిగి, తూర్పు గోడలోంచి తన దారిన తాను పోతుంది. తలుపు తట్టే అలవాటు దానికి లేదు.

ఆ గాలితో ఎదెల్మీరా నలభై ఏళ్ళుగా చేస్తున్న యుద్ధం గురించి చెప్పాలంటే ఒక గ్రంథం అవుతుంది. ఏటా మే నెలలో ఆవిడ కొవ్వొత్తి వెలిగించుకుని గోడల వెంట ప్రదక్షిణం చేస్తుంది. మంట ఎక్కడ వంగితే అక్కడ గొర్రె బొచ్చు కూరుతుంది. చిరిగిన మేజోళ్ళలో రంపపు పొట్టు నింపి, మూతి కట్టి, తలుపుల కింద కొండచిలువల్లా పడుకోబెడుతుంది. దుప్పటికీ దుప్పటికీ మధ్య వార్తాపత్రికలు పరుస్తుంది. పొయ్యి అరలో ఇటుక కాల్చి, గుడ్డలో చుట్టి, మొగుడి కాళ్ళ దగ్గర పెడుతుంది. మూడు గదులు మూసేసి, మంచం వంటింట్లోకి లాగి, సంసారమంతా పొయ్యి చుట్టూ సర్దుతుంది. గోడల మీద మైదా జిగురుతో అంటించిన పత్రికలు పొరలు పొరలుగా ఉన్నాయి. పడమటి మూలలో ఒక మంత్రివర్గం రాజీనామా చేస్తే, దాని మీదే మరో మంత్రివర్గం ప్రమాణ స్వీకారం చేసింది. రెండూ కలిసినా గాలిని ఆపలేకపోయాయి.

ఇక కట్టెల సంగతి. కోల్వేలో ప్రతి ఇంటికీ రెండు కట్టెల మోపులుంటాయి. ఒకటి ఇంటివాళ్ళది. అది బయట చూరు కింద తడుస్తూ ఉంటుంది. పొయ్యిలో పెడితే ఏడుస్తుంది, చూసేవాళ్ళనూ ఏడిపిస్తుంది. రెండోది ఉల్మో చెట్టు కట్టె. మూడేళ్ళు ఎండబెట్టి, సన్నగా చీల్చి, పొయ్యి వెనక వరసగా పేర్చినది. అది అతిథులది. ఇంటివాళ్ళు దాని జోలికి పోరు. చచ్చిపోతున్నా పోరు. చచ్చాక పరామర్శకు వచ్చేవాళ్ళ కోసం వెలిగిస్తారు.

చావు మాట ఊరికే రాలేదు. పోయిన ఆగస్టులో బెలార్మీనో ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. పంపించేటప్పుడు డాక్టరమ్మ ఎదెల్మీరాను పక్కకు పిలిచింది.

“మందులంటే నేనిస్తానమ్మా. గోడలు నేనెక్కణ్ణుంచి తెచ్చేది? ఆ ఇంట్లో ఇంకో చలికాలం ఇట్లాగే గడిపితే ఈయన వసంతం చూస్తాడని మాత్రం నేను మాటివ్వలేను.”

ఆ మాట ఎదెల్మీరా ఎవరికీ చెప్పలేదు. బెలార్మీనోకు అసలే చెప్పలేదు. ఆయనకు ముందే తెలుసు కాబట్టి ఆయనా అడగలేదు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, రాత్రంతా దగ్గి, పొద్దున్నే లేచి “గాలి మారింది” అనేవాడు. ఆ మాట వినబడినంత కాలం తన ఇంట్లో మనిషి ఉన్నాడని ఆవిడకు ధైర్యం.

ఆ ఆదివారం పూజ అయ్యాక ఊరి సంఘం అధ్యక్షుడు దోన్ హెరిబెర్తో సభ పెట్టాడు. ఆయన పెద్దగొంతుకు పేరుమోసినవాడు. మైకు చెడిపోయి ఆరేళ్ళైనా ఎవరూ గమనించలేదు.

“సోదర సోదరీమణులారా! మన తాతలు చలిని భరించారు. మన తండ్రులు చలిని భరించారు. మనమూ భరించాం. ఏం సాధించాం? దగ్గు! ఇక భరించడం చాలు. నిరూపిద్దాం! తనిఖీకి ముందు రాత్రే ప్రతి ఇంట్లోనూ పొయ్యి ఆరిపోవాలి. మేజోళ్ళ పాములు పక్కకు తీసేయాలి. గోడల్లో కూరిన బొచ్చు పీకేయాలి. గాలిని రానివ్వండి! ఇన్నాళ్ళూ అది మన శత్రువు. ఇవాళ అది మన సాక్షి!”

చప్పట్లు మోగాయి. దారిలో పక్కింటి దోమితీలా ఎదెల్మీరా చెయ్యి పట్టుకుంది.

“వదినా, చెప్తున్నా విను. నువ్వు పొయ్యి ముట్టిస్తావ్.”

“నేనా? నాకేమన్నా పిచ్చా?”

“పిచ్చి కాదు, మర్యాద. అది ఇంకా పెద్ద రోగం.”

“నీ సంగతి చూస్కో ముందు. పోయినేడు కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినోడికి కోడిని కోసిపెట్టింది ఎవరో?”

“అది ముసల్ది వదినా! ఎలాగూ చచ్చేదే!”

తనిఖీ నాటి ముందు రాత్రి ఎదెల్మీరా నిజంగానే పొయ్యి ఆర్పేసింది. బెలార్మీనోకు నాలుగు దుప్పట్లు కప్పి, గొర్రె బొచ్చు పీకేసి, గాలికి దారిచ్చి పడుకుంది. పొద్దున ఆరింటికి లేచి, దీపం వెలుగులో తన వంటింటిని రాజధాని నుంచి వచ్చే అధికారి కళ్ళతో చూసింది. నేల మురికిగా కనిపించింది. చల్లని ఇల్లు వేరు, మర్యాదలేని ఇల్లు వేరు కదా. నేల కడగాలంటే వేణ్ణీళ్ళు కావాలి. వేణ్ణీళ్ళ మట్టుకు రెండు పుల్లలు పెట్టింది. తడికట్టెలు పెడితే పొగొస్తుంది, వచ్చినాయన కళ్ళు మండుతాయి. కాబట్టి ఉల్మో కట్టె. పొయ్యి ఎలాగూ వేడెక్కింది, రొట్టె కాల్చకపోతే వృథా. రొట్టె చేశాక దాన్ని దేనితో తింటాడు? కాబట్టి మాంసం పులుసు. ఇంతలో కిటికీ సందులోంచి గాలి వచ్చి బల్ల మీది గుడ్డను లేపింది. అధికారి ముందు గుడ్డ ఎగిరితే ఏం బావుంటుంది? కాబట్టి పాములు తలుపుల కిందికి తిరిగొచ్చాయి. ఇవన్నీ ఒక్కొక్కటిగా చూస్తే ఎంతో సబబైన పనులే.

పది గంటలకు ఎనిమిది మంది ఇరుగుపొరుగు, చలికి సాక్ష్యం చెప్పడానికి, మంచి బట్టలు వేసుకుని వచ్చి పొయ్యి చుట్టూ కూర్చున్నారు. దోమితీలా తన రెండు మంచి కుర్చీలు కూడా పంపింది.

తనిఖీ అధికారి లారైన్ ముప్ఫై ఏళ్ళవాడు, పలచని కోటువాడు. తలుపు తీయగానే ఆయన కళ్ళద్దాలకు ఆవిరి పట్టింది. వేడిమి కొలిచే, అరచేతిలో ఇమిడే యంత్రాన్ని బల్ల మీద పెట్టాడు. నిబంధన ప్రకారం అది ఇరవై నిమిషాలు కుదురుకోవాలి. ఆ ఇరవై నిమిషాల్లో ఆయన రెండు పళ్ళాల పులుసు తిని, కోటు విప్పి, మెడ పట్టీ వదులు చేసుకున్నాడు. యంత్రం ఇరవై మూడున్నర చూపించింది.

“అమ్మా, అభినందనలు,” అన్నాడు లేచి నిలబడి, ఎంతో మనస్ఫూర్తిగా. “ఈ ప్రాంతంలో ఇంత వెచ్చటి ఇల్లు నేను చూడలేదు.”

ఎదెల్మీరా ముఖం వెలిగిపోయింది. ఆయన వెళ్ళాక పావుగంట దాకా ఆమెకు విషయం అర్థం కాలేదు.

మనుషులుంటున్న నలభై ఒక్క ఇళ్ళను తనిఖీ చేశారు. నలభై ఒకటీ వెచ్చని ఇళ్ళే. దోన్ హెరిబెర్తో ఇల్లు ఇరవై ఆరు డిగ్రీలతో మొదటి స్థానం సంపాదించుకుంది. ఆయన దీన్ని సంఘం తరఫున ఖండించాడు గానీ, ఆ అంకెను మాత్రం రెండుసార్లు ఒత్తి పలికాడు. ఊళ్ళో పన్నెండు డిగ్రీలకు తక్కువున్న కట్టడాలు రెండే తేలాయి. ఒకటి, ఉన్ని పలకలు దాచిపెట్టిన పథకం వారి గిడ్డంగి. రెండోది, రాజధానిలో ఉండే ఒక నోటరీగారి వేసవి విడిది. అందులో జూన్‌లో మనిషి గానీ పొయ్యి గానీ ఉండవు కాబట్టి యంత్రం మూడు డిగ్రీలు చూపించింది. ఇంత దయనీయమైన స్థితిలో ఉన్న ఇంటిని ప్రభుత్వం ఉపేక్షించలేదు. వారం తిరక్కముందే గోడలకు, కప్పుకు, కుక్క ఇంటికి కూడా ఉన్ని పలకలు బిగించారు. నోటరీగారు జనవరి ఎండల్లో వచ్చి, ఉక్కపోస్తోందని కిటికీలన్నీ తెరుచుకుని పడుకున్నారని తర్వాత తెలిసింది.

ఎదెల్మీరాకు అన్యాయం జరిగిందనుకోవడానికి వీల్లేదు. ఆమెకొక ప్రశంసా పత్రం వచ్చింది. అంతేకాదు, ఆమె మేజోళ్ళూ కొవ్వొత్తీ ఇటుకా చూసి ముచ్చటపడిన శాఖవారు, “గాలి దూరే ఇంటిని చౌకగా వెచ్చగా ఉంచుకొనుట ఎట్లు?” అని రంగుల కరపత్రం అచ్చువేశారు. అట్ట మీద నవ్వుతున్న గృహిణి బొమ్మ ఉంది. ప్రజలే ఇంత తెలివైనవారైనప్పుడు ఉన్ని పలకల ఖర్చు దేనికని ముందుమాటలో ఒక పెద్దమనిషి అభిప్రాయపడ్డాడు. కరపత్రాలు ఎదెల్మీరాకు ఐదు ప్రత్యేకంగా పంపారు. కాగితం మందమైనదని ఆవిడ వాటిని పడమటి గోడకు అంటించింది.

జులై మొదటి వారంలో బెలార్మీనో దగ్గు మారింది. అంతకు ముందు దగ్గి ఊరుకునేవాడు. ఇప్పుడు దగ్గి, ఊపిరి కోసం కాసేపు ఆగి, దొరికాక మళ్ళీ దగ్గుతున్నాడు. “గాలి మారింది” అనడం మానేశాడు. ఎదెల్మీరా రాత్రుళ్ళు ఆ మధ్యలో ఆగే నిశ్శబ్దాన్ని లెక్కపెడుతూ పడుకునేది. తన మీద తనకు వచ్చిన కోపానికి నిద్ర పట్టేది కాదు. రెండు పళ్ళాల పులుసుకు మొగుణ్ణి అమ్ముకున్నానని అనుకునేది.

నిబంధనల్లో ఒక పునర్విచారణకు అవకాశం ఉంది. ప్రతి ఇంటికీ ఒకే ఒక్కసారి. నలభై ఒక్క మందీ అర్జీలు పెట్టారు. ఈసారి ఏ పొరపాటూ జరగకూడదని దోన్ హెరిబెర్తో సంఘం హాల్లో మర్యాద లేకుండా ప్రవర్తించడంలో తరగతులు పెట్టాడు. అతిథి వస్తే లేవకూడదు. “రండి, పొయ్యి దగ్గర కూర్చోండి” అనకూడదు. కెటిల్ వైపు చూడకూడదు. నవ్వడం పూర్తిగా నిషేధం. ఎదెల్మీరా పేరు పిలిచినప్పుడు దోమితీలా అధికారి వేషం కట్టి, మొగుడి కోటు వేసుకుని లోపలికొచ్చింది.

“నమస్కారమమ్మా, తనిఖీకొచ్చాను.”

ఎదెల్మీరా పళ్ళు బిగించి, గోడ వైపు చూస్తూ కూర్చుంది. అందరూ భేష్ అన్నారు.

“చాలా దూరం నుంచొచ్చాను. పొద్దున్నుంచి ఏమీ తినలేదు,” అంది దోమితీలా, పరీక్షిద్దామని.

“అయ్యో,” అని ఎదెల్మీరా సంచిలోంచి రొట్టె తీసి ఇచ్చింది.

“ఓసి నీ మొహం మండా! నేను వదినా, దోమితీలాని!”

“తెలుసే. తినలేదన్నావు కదా!”

పునర్విచారణ రోజు తెల్లవారుజాము నుంచి తుఫాను. పడవ మూడు గంటలు ఆలస్యం. ఎదెల్మీరా ఈసారి మాట నిలబెట్టుకుంది. పొయ్యి ముందురోజు మధ్యాహ్నమే ఆరిపోయింది. నేల కడగలేదు. పాములన్నీ పెట్టెలో పడ్డాయి. సాక్షులను రావద్దంది. దోమితీలా కుర్చీలు వెనక్కి పంపేసింది. వంటింట్లో మాట్లాడితే నోట్లోంచి ఆవిరి వస్తోంది. బెలార్మీనో మంచం మీద దుప్పట్ల కింద చిన్న దిబ్బలా ఉన్నాడు.

లారైన్ వచ్చాడు. మనిషి తల నుంచి కాళ్ళ దాకా నీళ్ళోడుతున్నాడు. రేవులో దిగేటప్పుడు నడుము లోతు నీళ్ళలో పడ్డాడట. పెదాలు నేరేడు పళ్ళలా ఉన్నాయి. వణికే చేతులతో యంత్రం బల్ల మీద పెట్టాడు. ఏడు డిగ్రీలు.

“బా... బావుందమ్మా,” అన్నాడు, పళ్ళు టకటక కొట్టుకుంటుంటే. “ఇరవై నిమిషాలు ఇలాగే ఉంటే చాలు. పని అయిపోయినట్టే.”

ఎదెల్మీరా రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంది. కెటిల్ వైపు చూడలేదు. గడియారం వైపు చూసింది. ఒక నిమిషం. రెండు. ఆ అబ్బాయి చొక్కా అంచు నుంచి నీళ్ళు నేల మీద బొట్లు బొట్లుగా పడుతున్నాయి. నాలుగు. ఐదు.

“ఏమే,” అన్నాడు బెలార్మీనో దుప్పట్ల లోంచి.

“ఊరుకో. ఇంకా పదిహేను నిమిషాలు.”

“ఆ అబ్బాయి పళ్ళ చప్పుడుకు నిద్ర పట్టట్లేదే.”

“పట్టకపోతే మేలుకో.”

“మనింటికొచ్చినోడు.”

“నిన్ను బతికించడానికొచ్చాడు. వణకనీ.”

“నన్ను బతికించడానికొచ్చి వాడు పోయేట్టున్నాడు. రేపు వాళ్ళమ్మకేం చెప్తావ్? ఇంకో పదిహేను నిమిషాలు ఆగితే మా ఆయన ఇంటికి పలకలొచ్చేవమ్మా అని చెప్తావా?”

దుప్పట్లు కదిలాయి. బెలార్మీనో ముందు ఒక కాలు, తర్వాత ఇంకో కాలు నేల మీద పెట్టి, గోడ పట్టుకుని లేచాడు. పొయ్యి నాలుగు అడుగుల దూరం. ఆ నాలుగు అడుగులకూ రెండుసార్లు ఆగి దగ్గాడు. ఎదెల్మీరా లేచి ఒక్క చెయ్యి అడ్డం పెట్టి ఉంటే సరిపోయేది. ఆవిడకు అతని మీద కొట్టాలన్నంత కోపం వచ్చింది. నలభై ఏళ్ళ కిందట ఈ మనిషినే ఎందుకు చేసుకుందో కూడా అప్పుడే గుర్తొచ్చింది. చేతులు తొడల కింద నుంచి తీసి, కెటిల్‌లో నీళ్ళు పోసింది.

మూడేళ్ళు ఎండిన ఉల్మో కట్టె కాగితంలా అంటుకుంది. వద్దనడానికి లారైన్‌కు పళ్ళు కుదురుగా లేవు. ఎదెల్మీరా అతనికి బెలార్మీనో ఉన్ని చొక్కా తొడిగి, పొయ్యి దగ్గరికి లాగి, చేతికి వేడి వేడి మాతే ఆకు కషాయం గిన్నె ఇచ్చింది. రంగు తిరిగాక అతను యంత్రం వైపు చూశాడు. పది. పదకొండు. లేచి దాన్ని కిటికీ దగ్గర పెట్టాడు. కాగితంతో దానికి గాలి విసిరాడు. గోడ సందు దగ్గర పట్టుకుని నిలబడ్డాడు. ప్రభుత్వోద్యోగి ఒక ఇంటిని చల్లబరచడానికి అంత కష్టపడటం అంతకు ముందు ఎవరూ చూసి ఉండరు. ఇరవయ్యో నిమిషంలో యంత్రం కీచుమంది. పన్నెండూ పాయింటు నాలుగు.

“నేను మార్చలేనమ్మా,” అన్నాడు, ఏడవబోయే పిల్లాడిలా. “అది దానంతటదే రాజధానికి పంపేస్తుంది.”

“పోన్లే బాబూ. ముందు రొట్టె తిను,” అంది ఎదెల్మీరా.

ఆ సాయంత్రం దోమితీలా వచ్చి తలుపు దగ్గరే నిలబడి తిట్టింది. ఇరవై నిమిషాలు మొరటుగా ఉండలేని మనిషికి సంసారమెందుకంది. దోన్ హెరిబెర్తో తరగతులన్నీ బూడిదలో పోసిన పన్నీరంది. తిట్టి తిట్టి అలసిపోయి, బెలార్మీనో కాళ్ళ దగ్గర కూర్చుని, అతని పాదాలు ఒళ్ళో పెట్టుకుని రుద్దింది. మర్నాడు తనిఖీ ఆమె ఇంట్లో. పొద్దున ఏడింటికే ఆమె పొగగొట్టంలోంచి తెల్లటి సన్నని పొగ లేచింది. తడికట్టె పొగ అలా ఉండదు. ఊరంతా ఆ పొగను చూసింది. వారం లోపల నలభై ఒక్క అర్జీలూ వీగిపోయాయి.

దోమితీలా మళ్ళీ వచ్చింది. ఈసారి చంకలో తన ఇంటి ఉల్మో కట్టెలున్నాయి.

“వదినా, ఇంట్లో అతిథి ఉంటే ఎండుకట్టె కాలుస్తావు. అంతేగా?”

“అంతే.”

“అయితే నేను అతిథిని. లేచి మర్యాద చెయ్.”

పొద్దు గుంకేవేళకు ఆమె లేచింది, దోన్ హెరిబెర్తో వచ్చి కూర్చున్నాడు. ఆయన చేతిలోనూ ఒక మోపు ఉంది. తర్వాత ఇంకొకరు. నలభై ఇళ్ళవాళ్ళు వంతులు వేసుకున్నారు. సొంత పిల్లలకు కూడా ముట్టించని కట్టెలు పట్టుకుని, ఎవరింటి వాళ్ళు వాళ్ళింట్లో పొగ మింగి, ఇక్కడికొచ్చి అతిథుల్లా కూర్చున్నారు. ఆగస్టు పొడుగునా ఆ పొయ్యి ఆరలేదు. మంగళవారాలు దోన్ హెరిబెర్తో ఉపన్యాసం వినాల్సి వస్తోందనీ, దీనికన్నా నిమ్మే నయమనీ బెలార్మీనో గొణిగాడు. గొణగడానికి ఊపిరి సరిపోతున్నందుకు ఎదెల్మీరా పొయ్యి వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. సెప్టెంబరు చివర ఒక పొద్దున ఆయన కిటికీ దగ్గర నిలబడి, గాలి మారిందన్నాడు.

సంవత్సరాంతపు నివేదికలో శాఖవారు కోల్వే ఊరికి ఒక పేరా కేటాయించారు. రెండు దఫాల శాస్త్రీయ పరీక్షల్లో అక్కడ ఒక్క చల్లని నివాస గృహం కూడా దొరకలేదని, చలి గురించిన ఫిర్యాదులు కేవలం అలవాటు కొద్దీ చేస్తున్నవని, వచ్చే ఏడాదికి ఆ ఊరిని పథకం నుంచి సగౌరవంగా తొలగించడమైనదని రాశారు. లారైన్ దాని మీద సంతకం చేయనన్నాడు. అతన్ని ఎడారి ప్రాంతానికి బదిలీ చేశారు. అక్కడ వేడి కొలుస్తున్నాడని వినికిడి.

ఎంత వెర్రిబాగులమ్మ ఈ ఎదెల్మీరా అని పాఠకులు నవ్వుకుంటూ ఉంటారు. నవ్వుకోవచ్చు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అని మనవాళ్ళు ఎవర్ని చూసి అన్నారో ఏమో! రేపు మీ ఇంటి లేమిని కొలవడానికి ఒక ఉద్యోగి వస్తున్నాడని ఈ రాత్రే తెలిసిందనుకోండి. చిరిగిన దుప్పటిని మంచం కిందికి తోయననీ, పక్కింటి కుర్చీ అడిగి తేననీ, పంచదార లేకపోయినా ఎదురింట్లో బదులు తెచ్చి కాఫీ కలపననీ ఒట్టు పెట్టగలిగినవాళ్ళు ముందు నవ్వండి. తక్కినవాళ్ళం కాస్త జరిగి కూర్చుని, ఆవిడకూ చోటిద్దాం.